దులపని గుత్తులు

లాల్‌గడి మలక్‌పేటలో ద్రాక్షతోటలున్న నాలుగు కుటుంబాలు కలిసి ఒక పికప్ బండి కొనాలనుకున్న ఏడాది, అంటే తొంభై నాలుగులో, ఊళ్లో పెళ్లి సంబంధాల గురించి మాట్లాడినవాడు లేడు. పొద్దున లేస్తే బండి, పొద్దుగూకితే బండి. బావి మోటారు తప్ప ఇంకో ఇంజను మొహం చూడనివాళ్లు కూడా గేరుబాక్సుల మీద తీర్పులు చెప్పారు. శామీర్‌పేట చౌరస్తాలో చాయ్ హోటల్ బల్లల దగ్గర రెండు పార్టీలు లేచాయి. ఒకటి గజరాజ్ పార్టీ, ఇంకోటి సారథి పార్టీ.

గజరాజ్ ముక్కున్న బండి. ముందు బారెడు బానెట్, దాని ముందు రైలు పట్టా కోసి తగిలించారా అనిపించే బంపరు. రేకు ఎంత మందమంటే, సుత్తితో కొడితే సుత్తికే దెబ్బ తగులుతుందని చెప్పుకునేవారు. వెనక ఇరుసు మీద బరువు మోసే కమాన్ పట్టీలు తొమ్మిది. ఎంత బరువు వేసినా కుంగేది కాదు. చెడిపోతే మేడ్చల్‌లో ఏ మిస్త్రీ దగ్గరికి తోసుకుపోయినా సామాను దొరికేది.

సారథికి అసలు ముక్కే లేదు. చప్పిడి మొహం, ఇంజను సీటు కింద. వేలితో గట్టిగా నొక్కితే సొట్ట పడే రేకు. అయితే నడుస్తుంటే చప్పుడుండదు, డీజిలు తక్కువ తాగుతుంది, కమాన్లు మెత్తన. సామాను మాత్రం షోరూమువాడే ఇవ్వాలి, వాడిచ్చినప్పుడే తీసుకోవాలి.

"గది బండా? అగ్గిపెట్టెకు చక్రాలు వెట్టిన్రు" అనేవాళ్లు గజరాజ్ వాళ్లు.

"మీది బండి గాదు, బర్రె. మస్తు తింటది, మెల్లగ నడుస్తది" అనేవాళ్లు సారథి వాళ్లు.

ఈ పంచాయితీ అంతా మగవాళ్లది. బండిలోకి బుట్టలెక్కించేది ఆడవాళ్లు. వాళ్లను ఒక్క మాట అడిగిన మహానుభావుడు లేడు.

జయమ్మకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. నాలుగు కుటుంబాల్లో పెద్దదైన కుర్మయ్య ఇంట్లో చిన్న కోడలు, కుర్మయ్య తమ్ముడు శ్రీనివాస్ భార్య. తోటలో కాయ కోయించడం, బుట్టలు సర్దించడం ఆమె పని. షోరూములవాళ్లు చూపించడానికి రెండు బండ్లనూ ఊళ్లోకి తెచ్చినప్పుడు అందరూ ముందు నుంచి చూశారు. జయమ్మ వెనక్కి వెళ్లి చూసింది. గజరాజ్‌లో సరుకు వేసే తొట్టి ఆమె మెడ దాకా వచ్చింది. సారథి తొట్టి నడుము దగ్గర ఆగింది. ఆమెకు అంతకు మించి డిజైను అక్కర్లేకపోయింది.

ఎందుకంటే అంతకు ముందటేడు ఈదమ్మ పడింది. ఈదమ్మ కూలివాళ్లలో పెద్దది, జయమ్మకు బుట్ట సర్దడం నేర్పిన మనిషి. కిరాయికి తెచ్చిన ఎత్తు బండిలోకి బుట్టను నెత్తి మీంచి పైకి తోస్తుంటే అది వెనక్కి జారి, ఈదమ్మ దాని కింద పడింది. మణికట్టు విరిగింది. పుత్తూరు కట్టు కట్టించినా వంకరగానే అతుక్కుంది. అయినా ఈ ఏడూ కోతకు వచ్చింది, రాక ఏం చేస్తుంది? ఆ వంకర చెయ్యి బుట్ట అంచును పట్టుకున్నప్పుడల్లా జయమ్మ మొహం పక్కకు తిప్పుకునేది.

"ఎత్తు బండి దెస్తె ఈసారి నా మెడనే పోతది బిడ్డా" అంది ఈదమ్మ ఒకరోజు, నవ్వుతూనే.

చెప్పాలంటే కుర్మయ్యకు చెప్పాలి. కానీ ఆ ఇంటి పద్ధతి వేరు. చిన్న కోడలు బావ ఎదుట నిలబడి మాట్లాడకూడదు. పెళ్లయి వచ్చిన ఎనిమిదేళ్లలో జయమ్మ ఆయన మొహం చూసి ఒక్క మాట అనలేదు. ఏదైనా ఉంటే తలుపు చాటు నుంచి భర్తతో చెప్పాలి, భర్త వెళ్లి అన్నతో చెప్పాలి. శ్రీనివాస్‌తో చెప్పి చూసింది. ఆయన గజరాజ్ పార్టీ. "బండిని తొట్టి జూసి కొంటరానే?" అని నవ్వేసి చౌరస్తాకు వెళ్లిపోయాడు.

కుర్మయ్య మాత్రం ఏ పార్టీ కాదు. ఎద్దును కొన్నా పది రోజులు దున్ని చూసి కొనే మనిషి. "కంపెనోడు జెప్పింది గాదు, కాయ జెప్పాలె" అన్నాడు. ఆయన పెట్టిన పరీక్ష ఏమిటంటే, ఒక్కో బండిలో నలభై బుట్టల అనాబ్ ద్రాక్ష వేసి కొత్తపేట పండ్ల మార్కెట్‌కు పంపాలి. అక్కడ బుట్టలు విప్పి, దారిలో గుత్తి నుంచి రాలిపోయిన కాయనంతా పోగేసి తూకం వెయ్యాలి. ఏ బండిలో తక్కువ రాలితే ఆ బండి కొనాలి. రెండింటికీ ఒకే తోట, ఒకే వేళకు కోత, ఒకే దారి. అల్వాల్ మీదుగా పొమ్మన్నాడంటే రెండు బండ్లూ అల్వాల్ మీదుగానే పోవాలి. ఇంత జాగ్రత్త పడ్డ మనిషి, బుట్ట సర్దే చేతులను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

మొదటి రోజు గజరాజ్ వంతు. దాన్ని నడిపింది గండయ్య.

గండయ్య గురించి ఒక మాట చెప్పాలి. ఆ ఊరివాడే. ఏడేళ్లు కోళ్ల ఫారం బండి మీద గుడ్లు తోలాడు. గండయ్య తోలిన రోజు పగిలిన గుడ్లు కూరకు కూడా సరిపోవని ఫారంవాళ్లు వాపోయేవారు. గుంత వస్తుందంటే బండి కన్నా ముందు ఆయన వీపుకు తెలిసేది. నిండు చూలాళ్లను ఆసుపత్రికి తీసుకుపోవాలంటే, ఆ ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల కూడా గండయ్య కోసమే కబురు వచ్చేది. ఏ బండి కొన్నా డ్రైవరు గండయ్యే అని నాలుగు ఇళ్లవాళ్లూ ముందే అనుకున్నారు.

ఇక ద్రాక్ష సంగతి. అనాబ్ కాయ పెద్దది, తొడిమ బలహీనం. పండిన గుత్తిలో ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్న కాయలు కొన్ని ఎప్పుడూ ఉంటాయి. అందుకని సర్దేవాళ్లు గుత్తిని కాడ పట్టుకుని గోనెపట్టా మీద రెండుసార్లు మెల్లగా దులుపుతారు. ఊడేవి అక్కడే ఊడిపోతాయి, గట్టివి బుట్టలోకి పోతాయి. ఇది తోటల్లో పుట్టినవాళ్ల చేతికి దానంతట అదే వచ్చే పని. అలా దులపడం ఒకటుందని మగవాళ్లకు గుర్తు కూడా ఉండదు.

ఆ పొద్దున పందిరి కింద బుట్టల ముందు కూర్చున్న ఆడవాళ్లతో జయమ్మ అంది, "ఇయ్యాల దులపకుండ్రి. తూకం పోతాందని బావ అన్నడు."

ఈదమ్మ తలెత్తి చూసింది. "దులపకుంటె బండ్ల రాలుతయి గద?"

"బావ అన్నడు" అంది జయమ్మ మళ్లీ.

బావ దగ్గరికి పోయి నిజమేనా అని అడిగేవాళ్లు ఆ పందిరి కింద ఎవరూ లేరు. నలభై బుట్టల్లోనూ గుత్తులు దులపకుండానే వెళ్లాయి. మరునాడు సారథికి నలభై బుట్టలు సర్దినప్పుడు, "ఇయ్యాల మంచిగ దులుపుండ్రి" అంది. అడుగున వరిగడ్డి కూడా ఒక పిడికెడు ఎక్కువే వేయించింది.

గజరాజ్‌లో పదకొండు కిలోలు రాలాయి. షోరూమువాళ్లు తమవాడే తోలాలని పట్టుబట్టడంతో వాళ్ల డ్రైవరు తోలిన సారథిలో మూడు కిలోలకు కొంచెం తక్కువ.

సారథి వచ్చింది. జయమ్మ సంతోషం ఒక్క పూట కూడా నిలవలేదు. ఆమె దెబ్బ కొట్టింది బండిని. తగిలింది గండయ్యకు.

కుర్మయ్య ఆయన్ను ఏమీ అనలేదు. కొత్త బండి తాళం స్వయంగా గండయ్య ముందు పెట్టాడు. గండయ్య ముట్టుకోలేదు. "వద్దు పటేలా, ఇంకెవల్నన్న జూసుకోండ్రి" అన్నాడు. గుడ్లు తోలిన చెయ్యి ద్రాక్షకు పనికి రాలేదట అని చౌరస్తాలో ఎవరో అన్న మాట అప్పటికే ఊరు తిరిగి వచ్చింది. నెల తిరగకుండా ఆయన గుడ్ల బండి కూడా మానేశాడు. కొన్నాళ్లు కూలికి పోయాడు, కొన్నాళ్లు మేకలు కాశాడు. రోడ్డు మీద బండి వస్తుంటే పక్కకు జరిగి నిలబడేవాడు, అది పోయేదాకా చూసేవాడు.

ఇవాళ చెబుదాం అనుకుంది జయమ్మ. పండగ పోయాక చెబుదాం అనుకుంది. బావ పేరు పెట్టి అబద్ధమాడిన కోడలు ఆ ఇంట్లో మళ్లీ ఏ మొహంతో తిరుగుతుంది? అలా ఒక ఏడాది గడిచింది. ఏడాది గడిచాక చెప్పడం ఇంకా కష్టం.

బండి మాత్రం, దాని తప్పేముంది, బంగారంలా పనిచేసింది. ఇప్పటికీ ఆ ఊళ్లో నలభై దాటిన వాళ్లెవరిని కదిలించినా సారథి ముచ్చట ఒకటి చెబుతారు. మార్చి నెలంతా తెల్లవారేసరికి పందిళ్ల కింద పచ్చటి వెలుగు, ఆ వెలుగులో తోట గట్టున చప్పిడి మొహం పెట్టుకుని నిలబడ్డ బండి. ఆడవాళ్లు బుట్టను నెత్తి మీంచి దించి అలా ముందుకు నెడితే చాలు, తొట్టిలోకి జారిపోయేది. ఈదమ్మ తన వంకర చేత్తోనే మరో తొమ్మిదేళ్లు బుట్టలెక్కించింది. కొమురవెల్లి మల్లన్న జాతరకు అందులోనే పోయారు, తొట్టి నిండా పిల్లలు, బోనాలు, ఒక మేకపోతు. పెళ్లిళ్లకు మంచాలు, బీరువాలు మోసింది. బుట్టల అడుగులు రాసుకుని రాసుకుని తొట్టి రేకు వెండిగిన్నెలా మెరిసేది. అప్పుడు తోటలుండేవి, తోటలకు తగ్గ మనుషులుండేవారు. ఆ రోజుల మీద జయమ్మకున్నంత ప్రేమ ఇంకెవరికీ ఉండదు. ఆ ప్రేమలో ముల్లు కూడా ఆమెకే ఉంది.

పక్క ఊరివాళ్లు గజరాజ్ కొన్నారు. అదీ బాగానే నడిచింది. ఏటా చౌరస్తాలో వాళ్లూ వీళ్లూ కలిస్తే మళ్లీ అదే వాదన. "మా గజరాజ్ ఇంజను విప్పనే లేదు." "మా సారథి వానల గూడ తాళం తిప్పంగనే లేస్తది." మా బండి పరీక్ష నెగ్గింది అని మలక్‌పేటవాళ్లు చివరికి తేల్చేసేవారు. అది వినబడితే జయమ్మ లేచి వెళ్లిపోయేది. నిజంగా దులిపి సర్దినా సారథే నెగ్గేదేమో. కమాన్లు మెత్తనివి కదా. నెగ్గేదో లేదో ఇక ఎప్పటికీ తెలియకుండా చేసింది తనే.

రెండువేలు దాటాక తోటలకు రోజులు చెల్లాయి. బోర్లు ఎండాయి, తెగుళ్లు పెరిగాయి, ఆ మీదట కార్లలో వచ్చి ఎకరాల ధర అడిగేవాళ్లు పెరిగారు. పందిళ్లు కూల్చారు. పందిళ్లను మోసిన రాతి కడీలనే పీకి, నరికి, ప్లాట్లకు హద్దురాళ్లుగా పాతారు. అలాంటి ఒక వెంచరుకు గండయ్య వాచ్‌మన్ అయ్యాడు.

రెండువేల ఆరు మార్చి. కుర్మయ్య వాళ్లకు మిగిలింది ఎకరం పావు. దానికీ అగ్రిమెంటు అయిపోయింది. ఆఖరి కోత. పందిరి నీడలో నలభైకి పైగా బుట్టలు సర్ది ఉన్నాయి. ఈదమ్మ ఇప్పుడు మొయ్యలేదు, ఊరికే చూడడానికి వచ్చి కూర్చుంది. సారథిని తోలే డ్రైవరు మాత్రం రాలేదు. రియల్ ఎస్టేటువాళ్ల కారు తోలడానికి కుదిరానని పొద్దున కబురు చేశాడు. కుర్మయ్య సెల్‌ఫోన్ పట్టుకుని తోటంతా తిరిగాడు. ఆ రోజు మంచి ముహూర్తం, ఖాళీగా ఉన్న డ్రైవరు ఒక్కడూ లేడు. ఎండ ఎక్కుతోంది. కోసిన కాయ ఎవరి కోసమూ ఆగదు.

ఎవరికీ చెప్పకుండా జయమ్మ వెంచరు దాకా నడిచింది. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న గండయ్య ఆమెను చూసి లేచాడు. జుట్టు నెరిసింది, ఖాకీ చొక్కా వదులైంది.

"ఏంది వదినె, గింత ఎండల వచ్చినవ్?"

"డ్రైవరు రాలె గండయ్యా. ఆఖరి లోడు. నువ్వే రావాలె."

గండయ్య తల అడ్డంగా ఊపాడు. "నా ముచ్చట నీకు దెల్వదా? నా చెయ్యి మంచిది గాదు వదినె. గా దినం పదకొండు కిలోలు రాలినయి."

అంతే అన్నాడు. పన్నెండేళ్ల తర్వాత కూడా కిలోల లెక్క మరిచిపోలేదు. జయమ్మ గేటు పట్టుకుని నిలబడింది.

"నీ చెయ్యి గాదు గండయ్యా. గా దినం నేను గుత్తులు దులపనియ్యలె. బావ వద్దన్నడని ఆడోళ్లకు అబద్ధం జెప్పిన. ఎత్తు బండి కొంటె ఈదమ్మ మల్ల వడ్తదని భయమాయె. బండి పేరు వోతదనుకున్న, నీ పేరు వోతదనుకోలె."

ఒక్క గుక్కలో చెప్పేసింది. తిడతాడని చూసింది. గండయ్య కుర్చీ చేతి మీద గోరుతో గీస్తూ ఉండిపోయాడు.

"తూంకుంట కాడ ఒక మలుపుంటది" అన్నాడు చివరికి. "గా మలుపుల రాలినయేమో అనుకునేటోణ్ని. కాదు, అల్వాల్ రైలు గేటు కాడ బ్రేకు గట్టిగ తొక్కిన, గక్కడేమో అనుకునేటోణ్ని. కండ్లు మూసుకుంటె గదే తొవ్వ వదినె. పన్నెండేండ్లు గా ఒక్క దినమే తోలిన నేను. ఏ గుంతల రాలినయో దొరకలె."

జయమ్మ ఏడుస్తోంది.

"మా బిడ్డ పుట్టుడు నీకెరికేనా? దుర్గమ్మకు నొప్పులొస్తె పక్కింటి జీపు తాళం తెచ్చి నా చేతుల వెట్టిన్రు. నేను ముట్టలె. ఈ చేత్తోని పెండ్లాన్ని తీస్కపోంగ ఏమన్నయితె ఎట్ల అనిపిచ్చింది. ఆటో దొర్కి అచ్చేసరికి చెరువు కట్ట మీదనే పుట్టింది బిడ్డ. బతికింది, మల్లన్న సల్లగ జూసిండు. అందర్ని తోలినోణ్ని నా ఇంటిదాన్ని తోలలేకపోతి."

"ఏమంటవో అను గండయ్యా."

"నేనేమంట?" అన్నాడు. గొంతు మొదటిసారి గట్టిపడింది. "నాకు జెప్పుడు ఎందుకు? నా చేతి పేరు ఊరందరి ముంగట వోయింది. నీ బావ ముంగట జెప్పు. అప్పుడు తాళం వట్టుకుంట."

ఇద్దరూ తోటకు వచ్చేసరికి కుర్మయ్య, శ్రీనివాస్, పొత్తు కుటుంబాలవాళ్లు ఇద్దరు బండి దగ్గర నిలబడి ఉన్నారు. వెనక ఆడవాళ్లు. గండయ్యను చూసి కుర్మయ్య మొహం వెలిగింది. జయమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది, కానీ పందిరి గుంజ చాటుకు వెళ్లలేదు. ఇరవై ఏళ్ల కాపురంలో మొదటిసారి బావ ఎదురుగా వెళ్లి నిలబడింది.

"బావా" అంది. అక్కడున్న గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. ఆ పిలుపు ఒక్కటి బయటికి వచ్చాక మిగతాది చెప్పడం సులువైంది. గుత్తుల సంగతి, బావ పేరు వాడుకున్న సంగతి, ఈదమ్మ చెయ్యి సంగతి, అన్నీ చెప్పింది. శ్రీనివాస్ మొహం నల్లబడింది. ఈదమ్మ తన వంకర మణికట్టును రెండో చేత్తో కప్పుకుంది.

ముందు నోరు విప్పింది పొత్తువాళ్లలో ఒకాయన. "అంటె గజరాజే మంచిదుండెనా?" అన్నాడు.

"గట్లెట్లంటవ్? దులిపితె సమానం వస్తుండె కావొచ్చు" అన్నాడు రెండో ఆయన.

"మెత్తటి కమాన్లకు గట్టి కమాన్లకు సమానం ఎట్లొస్తదిరా?" అన్నాడు బండి కొన్నాక సారథి పార్టీలోకి మారిన శ్రీనివాస్, భార్య మీది కోపం కూడా మరిచిపోయి. తోట పోయే రోజు వచ్చినా ఆ రెండు కంపెనీలకూ లేని పట్టింపు వీళ్లకుంది. నిమిషంలో చౌరస్తా అక్కడికే దిగివచ్చింది.

"నోర్లు మూస్తరా?" అంది ఈదమ్మ, కూర్చున్న చోటి నుంచే. "మనిషి నిలబడ్డడు గాడ."

అందరూ గండయ్య వైపు తిరిగారు. కుర్మయ్య జేబులోంచి తాళం తీశాడు. తీసి, ఇవ్వకుండా పట్టుకుని, "గా దినం నేను నిన్నేం అనలె గండయ్యా" అన్నాడు మెల్లగా.

"అనలె పటేలా. అంటె మంచిగుంటుండె. నేను గూడ ఏదన్న బదులు జెప్తుంటి."

కుర్మయ్య తాళాన్ని రెండు చేతులతో ఇచ్చాడు. గండయ్య తీసుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగాడు, టైర్లు తట్టాడు, ఎక్కి కూర్చున్నాడు. జయమ్మ వైపు చూసి, "నువ్వు గూడ రా వదినె" అన్నాడు. ఆమె భర్త వంక చూడకుండానే ఎక్కింది.

మొదటి పది నిమిషాలు ఆయన రెండో గేరు దాటించలేదు. శామీర్‌పేట చెరువు కట్ట దాటాక మూడోది వేశాడు. తూంకుంట మలుపులో బండి తిరిగిందో లేదో తెలియకుండా తిరిగింది. హకీంపేట దాటేసరికి గుంతల ముందు ఆయన వీపు నిటారుగా అవడం జయమ్మ గమనించింది. కొత్తపేటలో బుట్టలు విప్పితే, రాలిన కాయ అంతా కలిపి దోసిలి నిండలేదు.

"దులిపినవా ఇయ్యాల?" అన్నాడు గండయ్య.

"దులిపిన."

"గట్లనా" అన్నాడు. తర్వాత ఖాళీ తొట్టి అంచున కూర్చుని, తువ్వాలు మొహానికి కప్పుకుని ఏడ్చాడు. చుట్టూ హమాలీలు బుట్టలు మోసుకుంటూ తిరుగుతూనే ఉన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బండిని తోటకు తీసుకుపోకుండా తన ఇంటి ముందు ఆపాడు. "దుర్గమ్మకు గూడ నువ్వే జెప్పాలె" అన్నాడు.

దుర్గమ్మ వాకిట్లో పొయ్యి మీద జొన్నరొట్టె కాలుస్తోంది. కూతురు గడప మీద కూర్చుని హోంవర్కు రాసుకుంటోంది. మొగుడు బండి దిగడం చూసి దుర్గమ్మ చేతిలో పిండి ముద్ద అలాగే ఆగిపోయింది. జయమ్మ ఎదురుగా నిలబడి, పొద్దుట్నుంచి మూడోసారి, అదే కథ చెప్పింది. ఈ మనిషి మాత్రం ఊరుకోదని, ఎన్ని శాపనార్థాలు పెట్టినా పడాలని దారిలోనే అనుకుంది.

దుర్గమ్మ అంతా విన్నది. శాపనార్థాలు అటుంచి, జయమ్మ వైపు చూడనే లేదు. గండయ్యనే చూస్తూ ఉంది.

"పన్నెండేండ్ల సంది నేను జెప్తనే ఉన్న, నీ చెయ్యి మంచిదే అని" అంది. "జీపు తాళం దెచ్చిన నాడు నొప్పులు వడుకుంట గూడ జెప్పిన. నా మాట ఇనలె. దగా జేసినామె వచ్చి జెప్తె ఇన్నవు."

దుర్గమ్మ చేతిలోని ముద్దను పళ్లెంలో పెట్టి, లేచి, కళ్లు తుడుచుకుంటూ ఇంట్లోకి వెళ్లిపోయింది. గండయ్య చెప్పులు విప్పి ఆమె వెనకే లోపలికి వెళ్లాడు. పెనం మీద రొట్టె మాడుతుంటే జయమ్మే వంగి తిరగేసింది.